దానియేలు చల్లిన బూడిద

సెలవులకు ఇంటికి వచ్చిన మీ పిల్లలు ఒక వింత ఆట గురించి చెప్పవచ్చు. బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ ఒకరు కథ నడిపిస్తుంటే, మిగిలినవారు డాక్టరుగానో, విలేఖరిగానో, గురువుగానో పాత్ర వహించి ఒక ఘోర రహస్యాన్ని పరిశోధిస్తారు. వీటిలో పేరుపొందినది 1981లో అమెరికాలో శాండీ పీటర్సన్ రూపొందించిన 'కాల్ ఆఫ్ క్తులూ'. లవ్‌క్రాఫ్ట్ (1890-1937) అనే నాస్తిక రచయిత కథలు దానికి ఆధారం. ఆ లోకంలో మనిషిని పట్టించుకునే దేవుడు లేడు. రహస్యం ఎంత తెలిస్తే మతికి అంత చేటు. 2008లో కెన్నెత్ హైట్ రాసిన 'ట్రెయిల్ ఆఫ్ క్తులూ'లో మతవిశ్వాసాన్ని మనసును నిలబెట్టే స్తంభాలలో ఒకటిగా ఎంచుకోవచ్చు. భయానికి ఆ స్తంభం కూలనూవచ్చు.

ఆట ఆటగా ఉన్నంతవరకు మీరు బెదరనక్కరలేదు. (దయ్యాల సినిమాలకు మనమూ వెళ్ళినవాళ్ళమే గదా!) అయితే అక్కడ విశ్వాసం భయపడినవానికి ఊతకర్ర మాత్రమే. మన పవిత్ర గ్రంథంలో విశ్వాసే పరిశోధకుడు.

దానియేలు గ్రంథం 13, 14 అధ్యాయాలు తెరవండి. బేలు విగ్రహం రోజూ నలభై గొర్రెలను తింటున్నదని రాజు నమ్మాడు. దానియేలు మాటతో సరిపెట్టలేదు, గుడి నేలమీద బూడిద చల్లించాడు. తెల్లవారి చూస్తే పూజారుల, వారి ఆలుబిడ్డల అడుగుజాడలు! సూసన్న విషయంలో ఇంకా నిశితంగా ఆలోచించాడు. ఆమె మీద నింద మోపిన ఇద్దరు పెద్దలను విడదీసి, ఏ చెట్టు కింద చూశారని వేర్వేరుగా అడిగాడు. ఒకడు ఒక చెట్టు పేరు, రెండవవాడు మరొక చెట్టు పేరు చెప్పారు. జనమంతా నమ్మిన మాట అబద్ధమని తేలింది, అమాయకురాలి ప్రాణం దక్కింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో ఈ పాఠం ఎందుకంటారా? బాణామతి అనే మాట మన చెవులకు కొత్త కాదు. బిడ్డకు మూర్ఛ వస్తుంది, పాడిగేదె ఎండిపోతుంది. వెంటనే వేలు ఎవరివైపు చూపుతారు? ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలవ్వ వైపు. ఆమె సూసన్న వంటిది. ఆమె తరఫున ప్రశ్న అడిగే దానియేలు ఎవరు? చర్చికి వెళ్ళే మనమే తాయెత్తు కట్టి, ఆ నిందకు తలూపితే ఇక చెప్పేదేముంది! పొరుగున కర్ణాటక 2017లో ఇటువంటి దురాచారాలపై ప్రత్యేక చట్టమే చేసింది.

పిశాచం లేదని శ్రీసభ అనదు. కాని తొందరపడదు. సత్యోపదేశం 1673వ పేరా ప్రకారం, భూతోచ్చాటనకు ముందు అది జబ్బు కాదని నిర్ధారించుకోవాలి. జబ్బయితే వైద్యశాస్త్రం చూసుకోవాలి. శ్రీసభ చట్టం 1172 ప్రకారం మేత్రాణుల ప్రత్యేక అనుమతి లేనిదే ఏ గురువూ ఆ పని చేయరాదు.

మూర్ఛ వచ్చిన బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. తాళాల గుత్తి చేతిలో పెట్టగానే తగ్గినట్లుంటుంది, ఎందుకంటే చాలావరకు మూర్ఛ కొద్ది నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. అయిదు నిమిషాలు దాటితే 108కు ఫోను చేయండి. డాక్టరు ఇచ్చిన మాత్రలను, ప్రార్థన చేస్తున్నాం గదా అని మీ అంతట మీరు మానిపించకండి. జపమాల ఆస్పత్రి వరండాలో కూర్చుని కూడా చెప్పుకోవచ్చు.