చంద్రపూరులో ఓడ కట్టుట

సముద్రమునకు వందల మైళ్ల దూరముననున్న చంద్రపూరులో ఓడ కట్టనేల యని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. మన యూరి ప్రక్కన పారు ఇరాయి నది వార్ధాలో కలియును. వార్ధా వైనగంగలు కలిసి ప్రాణహితయై, కాళేశ్వరమువద్ద గోదావరిని చేరును. ఆ గోదావరి సముద్రమును చేరు ప్రాంతమునందే కోరంగి యున్నది. ఒకప్పుడు తెలుగువారు ఓడలు కట్టిన రేవది. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని పాడుచేసినవి. అంతకుముందెప్పుడో శాతవాహనులు రెండు స్తంభముల ఓడను తమ నాణెములపై అచ్చు వేయించిరి. కావున మన యూరి నీరు పోవు దారి ఓడల దారియే.

నమూనా యనగా ఆటబొమ్మయని కొందరు తలంతురు. అది సరికాదు. అజంతా గుహలలో 5వ శతాబ్దపు ఓడ చిత్ర మొకటి కలదు. దానిని బట్టి మన నౌకాదళము 'కౌండిన్య' యను ఓడను మేకులతో గాక, కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలను కుట్టించి నిర్మింపజేసినది. పాత పటములుగాని, కొలతలుగాని దొరకలేదు. గోడమీది బొమ్మయే ఆధారము. అందుచే మద్రాసు ఐ.ఐ.టి. వారి సాయముతో ముందుగా నమూనాను నీటిలో పరీక్షించిరి. 2025 మే 21న కార్వారులో ఆ ఓడ నౌకాదళమున చేరినది. అదే సంవత్సరము డిసెంబరు 29న పోరుబందరు విడిచి, 2026 జనవరిలో మస్కట్ చేరినది.

ఈ కౌండిన్యనే మేము మాదిరిగా గైకొంటిమి. అసలు ఓడ పొడవు 19.6 మీటర్లు, వెడల్పు 6.5 మీటర్లు. 50వ వంతు చేసినచో పొడవు 39 సెంటీమీటర్లు, వెడల్పు 13 సెంటీమీటర్లగును. బల్లపై చక్కగా ఇమిడిపోవును.

టేకునకు మనకు కొదువ లేదు. 2023లో అయోధ్య మందిరమునకు టేకు పంపినది మన బల్లార్పూరునుండియే. కోతమిల్లులో మిగిలిన ముక్కలే మనకు చాలును. అడుగు దూలమును టేకుతో చేయుడు. దానికి అడ్డముగా, మన ప్రక్కటెముకలవలె, 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు ముక్కలను నిలుపుడు. పైపలకలకు మాత్రము టేకు పనికిరాదు. సన్నగా చీల్చి వంచబోయిన విరిగిపోవును. వెదురు బద్దలు మేలు. బుట్టలల్లు బురుడు పనివారివద్ద కూర్చుండి, బద్దను ఒకే మందమున చీల్చు విధమును నేర్చుకొనుడు. ఇది పుస్తకమువలన వచ్చు విద్య కాదు. బద్దలను వేడినీట నానబెట్టి వంపవలెను. కుడివైపున ఒకటి అతికిన వెంటనే ఎడమవైపున ఒకటి అతుకుడు. ఒకే ప్రక్కన వరుసగా అతుకుకొని పోయినచో అడుగు దూలము మెలి తిరిగి, ఓడ జన్మమంతయు వంకరగా నడచును. పై రెండు వరుసలను మాత్రము సన్నని సూదిరంధ్రములు చేసి, మైనము పట్టించిన నూలుదారముతో కుట్టుడు. సందులను రంపపుపొట్టు, జిగురు కలిపి మూసి, అవిసెనూనె పూయుడు.

పని చేయుచున్నంతసేపు భాగముల పేర్లు తెలుగున పలుకుటను మేము నియమముగా పెట్టితిమి. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, సినిమాలో హిందీ వినుచున్న మన పిల్లలకు వంటింటి మాటలు నిలిచియున్నవి గాని, పనిముట్ల మాటలు జారిపోవుచున్నవి. వస్తువు చేతిలో లేనిదే మాట నోట నిలువదు. ఓడ ముందుభాగము అణియము, వెనుకభాగము అమరము. చుక్కానిని మరాఠీవారు సుకాణూ యందురు. రెండింటికిని అరబ్బీ నావికుల 'సుక్కాన్' మూలము. మన లంగరును వారు నాంగర్ అందురు. వారికి నాగలియు నాంగరే! ఓడతో దున్నెదరా యని ఒక బాలిక అడిగినది. మంచి ప్రశ్నయే, లంగరును ఇసుకలో నాటుకొని దున్నునదే కదా.

ఇక లెక్క. పొడవు 50వ వంతైన, వైశాల్యము 2,500వ వంతు, ఘనపరిమాణము 1,25,000వ వంతగును. 50 టన్నుల ఓడకు నమూనా 400 గ్రాములు తూగవలెను. తక్కువైనచో సీసపు గుండ్లను అడుగుననే ఉంచుడు. పైన నుంచిన తలక్రిందులగును. పిదప నీళ్లతొట్టిలో దింపి, వ్రేలితో ఒక ప్రక్కకు వంచి విడువుడు. లేచి నిలిచి అటునిటు ఊగును. పది ఊపులకు పట్టిన సెకనులను గడియారముతో చూచి, పదితో భాగించి, 7తో గుణింపుడు. అసలు ఓడ సముద్రమున ఒకమారు ఊగుటకు పట్టు కాలము రమారమి తెలియును. 50తో గాక 7తో ఏల గుణించితిమో, 50 యొక్క వర్గమూలము కట్టి 9వ తరగతివారు లెక్కల పుస్తకమున వ్రాసి చూపవలెను.