నీటిని ఆపని గోడ

చెరువుకు గట్టు ఎందుకు అని అడిగితే, నీరు పోకుండా ఆపడానికని ఎవరైనా చెబుతారు. గట్టుకు గండి పడితే ఊరంతా పరుగెత్తుతుంది. కాని నీటిని రానిస్తూ, పోనిస్తూనే చెరువును నిలబెట్టే గోడలు కూడా ఉన్నాయి. వాటిని చూడాలంటే పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న హవాయి దీవులకు వెళ్ళాలి.

ఈ దీవులు అగ్నిపర్వతాల నుంచి పుట్టినవి. ఎనిమిది వందల నుంచి వెయ్యేళ్ళ క్రితం పాలినేషియా ప్రజలు పెద్ద పడవల మీద వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. వారు నేలను కొండ కొన నుంచి సముద్రంలోని పగడపు దిబ్బల దాకా పొడవాటి చీలికలుగా పంచుకొన్నారు. అటువంటి చీలికను 'అహుపుఆ' అంటారు. కొండవాగు కిందికి దిగి, చేమ మళ్ళను తడిపి, చివరకు తీరాన ఉన్న చేపల చెరువులో కలిసేది. వాగునీరు, సముద్రపు నీరు కలిసిన ఆ లోతులేని చెరువులో ఎండ అడుగుదాకా తగిలి నాచు బాగా పెరిగేది. ఆ నాచే చేపలకు మేత. కాబట్టి మేత తెచ్చి వేయవలసిన పని లేదు. నాచును కాపాడుకొంటే చాలు.

ఈ చెరువులలో ముఖ్యంగా రెండు రకాల చేపలను పెంచేవారు. ఒకటి 'అమఅమ'. రెండవది 'అవ', తెలుగు తీరంలో దీనిని పాలబొంత అంటారు. రెండూ నాచు తిని బతికేవే.

ఒఆహు దీవి తూర్పు తీరాన హెయీయ అనేచోట ఇటువంటి చెరువు ఒకటి ఉంది. విస్తీర్ణం 88 ఎకరాలు. దానిని కట్టి ఆరు నుంచి ఎనిమిది వందల ఏళ్ళు అయి ఉంటుందని అంచనా. చుట్టూ ఉన్న గోడ పొడవు సుమారు 7,000 అడుగులు, వెడల్పు 12 నుంచి 15 అడుగులు. ఇరువైపులా నల్లరాళ్ళు పేర్చి, నడుమ పగడపు రాళ్ళు నింపారు. సున్నం లేదు, అడుసు లేదు. రాళ్ళ సందులలోనుంచి నీరు మెల్లగా ఊరుతూ ఉంటుంది. అందువల్ల అల వచ్చి కొట్టినా దాని బలం గోడలోనే సగం చచ్చిపోతుంది. నీటిని పూర్తిగా అడ్డుకొనే గోడ అయితే అంత కాలం నిలిచేదా అన్నది ఆలోచించవలసిన విషయం.

గోడకంటే విచిత్రమైనది దాని తలుపు. దాని పేరు 'మాకాహా'. సన్నని కర్రలను నిలువుగా, ఇరుకు సందులు వదిలి కట్టిన తడిక అది. చిన్న చేపపిల్లలు సందులలోంచి లోపలికి వస్తాయి. నాచు తిని బలుస్తాయి. ఆ తరువాత బయటికి పోదామంటే సందు చాలదు! పోటు వచ్చి సముద్రపు నీరు లోపలికి పారేటప్పుడు పెద్ద చేపలు ఆ పారుదలకు ఎదురీదుతూ తడిక దగ్గర గుమిగూడతాయి. కావలివాడు వలతో కావలసినన్ని తీసుకొంటాడు. చేపల్ని తినే చేపలు కూడా పిల్లలుగా దూరి లోపలే పెరుగుతాయి. వాటిని ఏరివేయడం కూడా అతని పనే.

ఇంత పెద్ద గోడను వందలాది మంది చేయి కలిపి కట్టి ఉండాలి. అయితే చెరువులోని చేపలు చాలావరకు నాయకులకే చెందేవి. రాళ్ళు మోసినవారు తమ కూరకు ఎక్కువగా సముద్రాన్నే నమ్ముకొన్నారు. ఈ సంగతి కూడా చరిత్రలో భాగమే.

1778లో కెప్టెన్ కుక్ ఓడలు ఈ దీవులకు వచ్చాయి. వాటి వెనుక ఇతర ఓడలు, వాటితోపాటు ఆ ప్రజలు ఎరుగని రోగాలు వచ్చాయి. లక్షలలో ఉండిన హవాయి ప్రజలు 1890 నాటికి సుమారు 40,000 మంది మాత్రమే మిగిలారు. గోడలో రాయి జారితే ఎత్తిపెట్టే చేతులే కరువయ్యాయి. 1848లో భూములు సొంత ఆస్తులుగా మారాయి. చేమ మళ్ళు పోయి చెరకు, అనాస తోటలు వచ్చాయి. కొండల నుంచి మట్టి కొట్టుకువచ్చి చెరువులు పూడిపోయాయి. దీవులన్నిటిలోను నాలుగు వందల డెబ్బైకి పైగా చెరువుల ఆనవాళ్ళు దొరికాయి గాని, 1901లో వాడుకలో ఉన్నవి 99 మాత్రమే.

హెయీయలో ఆ మట్టిని ఆపాలని 1922లో మడచెట్లు నాటారు. యానాం పరిసరాల పిల్లలకు మడచెట్లు కొత్త కాదు. దగ్గరలోని కోరంగి తీరాన్ని అలల నుంచి కాపాడేవి అవే. కాని హవాయిలో మడచెట్టు పరాయి మొక్క. అదుపులేకుండా పెరిగింది, వేళ్ళు గోడలోకి దూరి రాళ్ళను పెళ్ళగించాయి. 1965లో పెద్ద వరద వచ్చి గోడలో కొంత భాగం కొట్టుకుపోయింది. గండి పడిన చెరువు చాలాకాలం అలాగే ఉండిపోయింది.

2001లో స్థానిక యువకులు కొందరు 'పాయెపాయె ఓ హెయీయ' అనే సంఘం పెట్టి చెట్లు నరకడం మొదలుపెట్టారు. శనివారాలలో బడిపిల్లలు, పెద్దలు వచ్చి రాళ్ళు ఏరి పేర్చేవారు. 2015 డిసెంబరులో వందల వందల మంది గోడ వెంబడి బారులు తీరి, చేతినుంచి చేతికి రాళ్ళు అందించుకొంటూ వరద గండిని పూడ్చారు. పూర్వం గోడ కట్టిన రోజులలో రాళ్ళు అలాగే వచ్చాయని అక్కడి పెద్దలు చెబుతారు. గండి పూడినా పని ముగియలేదు. నరికిన చోట మడమొక్కలు మళ్ళీ తల ఎత్తుతాయి. వాటిని పీకేందుకు మనుషులు మళ్ళీ నీళ్ళలోకి దిగారు.