కప్పిపుచ్చవలసిన లోపమా ఇది?

అరకులోయ సంతకు బట్టల మూటలతో వెళ్ళే ఒక సోదరుడు ఆ మధ్య నన్నొక మస్అలా అడిగారు. "మౌలానా! ఒక చిన్నపిల్లతో దురాగతం చేసినవాణ్ణి పెద్దలు తప్పు కట్టించి వదిలేశారు. తోటి మనిషి లోపాన్ని కప్పిపుచ్చడం పుణ్యమే కదా! నేను నోరు మెదపకపోవడం సబబేనా?"

కొండ ఊళ్ళలోనే కాదు, మన మొహల్లాల్లోనూ ఇలాంటి 'సులహ్'లు జరుగుతున్నాయి. పిల్ల పరువు కోసమేనంటారు.

లోపాలను కప్పమన్న హదీసు ప్రామాణికమైనదే. కాని 'సహీహ్ ముస్లిం' వ్యాఖ్యానంలో ఇమామ్ నవవీ (రహ్మలై) దానికి హద్దు చెప్పారు. ఇతరులకు కీడు చేసేవాడిగా పేరుపడినవాడికి ఈ రాయితీ వర్తించదు. అతని సంగతి అధికారులకు తెలపాలి, లేకపోతే మరింత బరితెగిస్తాడు. పైగా ఇది పిల్ల హక్కు. దాన్ని మాఫీ చేయడానికి పెద్దలెవరు? అలవాటుపడిన దుర్మార్గునికి 'సియాసతన్' మరణశిక్ష వరకూ వేయవచ్చని హనఫీ ఫకీహులు రాశారు. అయితే అది న్యాయాధికారి పని, గుంపు పని కాదు.

ఇక దేశ చట్టం చూడండి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు పిల్లలపై లైంగిక దాడికి 3 నుంచి 5 ఏళ్ళ జైలు. ఇదివరకు ఇలాంటి నేరానికి శిక్ష పడినవాడైతే 5 నుంచి 7 ఏళ్ళు. పాత నేరస్తుడు అత్యాచారానికి పాల్పడితే, 2019 సవరణ తర్వాత, కనీసం 20 ఏళ్ళు. బతికినంతకాలం జైలు, మరణశిక్ష కూడా పడవచ్చు. ఇక్కడ 'శిక్ష పడినవాడైతే' అన్న మాట గమనించండి. తప్పు కట్టి బయటపడ్డవాడి పేరు ఏ కోర్టు రికార్డులోనూ ఉండదు. రెండో పిల్లను చెరిచినా చట్టం లెక్కలో వాడికదే మొదటి నేరం!

మొదటి నేరం తేలకపోతే ఏమవుతుందో తెలంగాణలోని హాజీపూర్ చూసింది. 2015లో కనిపించకుండా పోయిన 11 ఏళ్ళ పాప సంగతి, 2019లో మరో ఇద్దరు బాలికలు బలయ్యాకే బయటపడింది. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు హంతకుడికి మరణశిక్ష విధించింది.

అందుకే ఆ సోదరునితో, పోలీసులకైనా 1098కైనా చెప్పమన్నాను. తెలిసీ చెప్పకపోతే 6 నెలల వరకు జైలు ఉందనీ, సాక్ష్యం సొంతవారికి వ్యతిరేకమైనా దాచవద్దని 'అన్ నిసా' సూరా 135వ ఆయత్ ఆదేశిస్తోందనీ గుర్తుచేశాను.

"సంతలో నా వ్యాపారం దెబ్బతింటుందేమో" అన్నారాయన. తినవచ్చు అన్నాను.