పిట్ట పేరు మీకు తెలియకపోయినా ఫర్వాలేదు

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పిల్లలకు మధ్యాహ్నాలు ఖాళీనే. కానీ ఆ ఎండకి పిట్టలు ఆకుల చాటున సర్దుకుంటాయి. చూడాలంటే ఆదివారం పొద్దున్నే ఆరింటికి లేపాలి. ఆ గొడవేదో మీరు పడక తప్పదు.

చాలామంది అమ్మానాన్నలు వెనకాడేది ఇంకో కారణానికి. "వాడడిగితే ఏం చెప్పను? కాకి, కోకిల, గోరువంక తప్ప నాకేవీ తెలీవు" అంటారు. తెలీదనే చెప్పండి. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఓ పిచ్చుకను కొట్టి, దాని గొంతు మీద పసుపు మచ్చ చూసి మేనమామకు చూపించాడు. అదేం పిట్టో ఆయనకీ తెలీదు. ఉత్తరం రాసిచ్చి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ పిట్ట పేరు చెప్పి ఊరుకోలేదు, అలమరలు తెరిచి దాచిన పిట్టలన్నీ చూపించాడు. మేనమామ తోచిన పేరేదో చెప్పి పంపేసుంటే ఆ కుర్రాడు అక్కడిదాకా వెళ్లేవాడా?

మొదటిరోజే దూరం వద్దు. ఇంటి దగ్గరి పార్కులో మందార చెట్టు ఉంటే చాలు, దానికి నాలుగడుగుల అవతల కూర్చోండి. తేనెపిట్ట వస్తుంది. పువ్వు ముందునుంచి ముక్కు పెట్టకుండా, ఒక్కోసారి తొడిమ దగ్గర పక్కనుంచి పొడిచి తేనె లాగేస్తుంది. పుప్పొడి అంటదు, పువ్వుకి ఒరిగేదీ లేదు. "దొంగతనమా?" అని పిల్లలే అడుగుతారు. అడగనివ్వండి.

ఆ తర్వాత కొండకర్ల ఆవ సరస్సుకి వెళ్లండి. చలికాలపు వలస బాతులు వేసవి ముదిరేలోగా వెళ్లిపోతాయి కాబట్టి ఆలస్యం చేయొద్దు. తామరాకుల మీద పొడుగాటి వేళ్లతో నడిచే జకానాను తప్పక చూపించండి. గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ మగపక్షే. ఈ మాట నాన్నలు చెబితే ఇంకా బాగుంటుంది. తాటిదోనె ఎక్కితే లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. పేర్లు దోనె నడిపేవారిని అడగండి, మన ప్రాంతపు పేరు ఆయన నోట వినొచ్చు. పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ మంచిదే, కాకపోతే ఇంటికొచ్చాక తీయండి. అక్కడే తీస్తే పిల్లాడి కళ్లు చెట్టు మీంచి ఫోన్లోకి దిగిపోతాయి.

బైనాక్యులర్‌తో సూర్యుడి వైపు చూడకూడదని ముందే చెప్పి ఇవ్వండి. గూడు కనిపిస్తే దగ్గరికి పోనివ్వొద్దు, ఫోటో కోసం కొమ్మ వంచొద్దు. అరగంటకే "ఇంటికెళ్దాం" అంటే బతిమాలకుండా తీసుకొచ్చేయండి. వచ్చే ఆదివారం రానన్నా బలవంతపెట్టకండి, మీరు మాత్రం వెళ్లిరండి.