బాపు ఫోన్, తమ్ముడి ఫోన్, నా ఫోన్: ముగ్గురి స్క్రీన్ టైమ్ చూస్తే ఏం తేలింది?

ఈసారి కొత్త ఫోన్ రివ్యూ కాదు, ఇంట్లో ఉన్న ఫోన్ల రివ్యూ.

దసరాకి ధర్మపురి దగ్గర ఉన్న మా ఊరెళ్లాను. రెండో రోజు అమ్మ మెల్లగా చెప్పింది. బాపు పొద్దున పొలానికి పోతుంటే కునుకు పడి, బండి రోడ్డు దిగిందట. దెబ్బలేం తగల్లేదు. కానీ కారణం విన్నాక భయమేసింది: రాత్రి ఒంటిగంట దాకా షార్ట్స్ చూస్తున్నాడు. ఆ ఫోన్ నేనిచ్చిందే, నా పాతది.

కోపంతో క్లాస్ పీకాను. బాపు ఒక్కటే మాటన్నాడు: "నీది గూడ తియ్యిరా, సూద్దాం."

సరే అని మా ఇద్దరివీ, ఇంటర్ చదివే తమ్ముడిదీ డిజిటల్ వెల్‌బీయింగ్ ఓపెన్ చేశాం. బాపు నాలుగు గంటలు, తమ్ముడు ఐదు, నేను ఆరున్నర! అందులో ఆఫీస్ పని గంట కూడా లేదు.

ఎవరిని ఏది పట్టుకుంది?

బాపుని పట్టింది ఆగని ఫీడ్. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ ఇన్ఫినిట్ స్క్రోల్ తయారుచేశాడు, తర్వాత దానికి బాధపడ్డాడు కూడా. పేజీ అయిపోతే మనం ఆగుతాం. అయిపోకపోతే ఆగే చోటే ఉండదు. పైగా మా బాపు తరానికి పీసీ, బ్రౌజర్ లాంటి మెట్లేవీ లేవు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. 2020 జూన్‌లో టిక్‌టాక్ బ్యాన్ అయ్యాక, జులైలో రీల్స్, సెప్టెంబర్‌లో షార్ట్స్ ఇండియాలో మొదలయ్యాయి. వాళ్లు ఇంటర్నెట్ అంటే చూసిందే ఈ ఫీడ్. సెట్టింగ్స్ గురించి ఎవరూ చెప్పలేదు. ఫోన్ ఇచ్చిన నేను కూడా.

తమ్ముణ్ని పట్టింది నోటిఫికేషన్. ఫ్రెండ్స్‌తో స్ట్రీక్ తెగిపోతుందేమో అని గంటకోసారి చూస్తాడు.

నన్ను పట్టింది రిఫ్రెష్. కిందికి లాగితే ఏమైనా రావచ్చు, రాకపోవచ్చు. లాటరీ టికెట్ గీకినట్టే. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతికే అలవాటు గట్టిగా పడుతుందని స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేసి ఎప్పుడో చూపించాడు.

ఏం మార్చాం?

1. బాపు ఫోన్‌లో: సెట్టింగ్స్ → డిజిటల్ వెల్‌బీయింగ్ → బెడ్‌టైమ్ మోడ్. రాత్రి తొమ్మిదిన్నరకి స్క్రీన్ బ్లాక్ అండ్ వైట్ అయ్యేలా గ్రేస్కేల్ ఆన్ చేశాం. డ్యాష్‌బోర్డ్‌లో యూట్యూబ్‌కి గంటన్నర యాప్ టైమర్ పెట్టాం.
2. తమ్ముడి ఫోన్‌లో: కాల్స్, మెసేజ్‌లు తప్ప మిగతా నోటిఫికేషన్లు ఆఫ్.
3. నాకు: చార్జర్ పక్క రూమ్‌లోకి. పది రూపాయల ఖర్చు కూడా లేదు.

రెండు వారాల తర్వాత

బాపు పదికల్లా పడుకుంటున్నాడు. "రంగుల్లేకపోతే ఏం సూస్తం" అంటాడు. తమ్ముడికి కూడా మొదట యాప్ టైమర్ పెట్టాం, మూడో రోజే వాడే తీసేశాడు. ఈ ఫీచర్ పెద్ద మైనస్ అదే, ఎవరైనా తీసేయొచ్చు. నోటిఫికేషన్లు ఆపడమే వాడికి పనిచేసింది. నాది నాలుగున్నరకి తగ్గింది, ఇంకా బాపు కంటే ఎక్కువే.

ఒక జాగ్రత్త: ఎవరినైనా "అడిక్ట్" అని ముద్ర వేసేయకండి. 2022లో అమల్లోకొచ్చిన డబ్ల్యూహెచ్ఓ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ ఉంది, సోషల్ మీడియా పేరుతో విడిగా జబ్బు లేదు. కానీ నిద్ర, చదువు, పని దెబ్బతింటున్నా ఆపలేకపోతుంటే 14416కి కాల్ చేయండి. అది టెలి-మానస్, ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఫ్రీ.

ఫోన్ లాక్కోవడం మాత్రం పరిష్కారం కాదు. మా జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వని "మై విలేజ్ షో"తో ప్రపంచానికి చూపించింది ఈ యూట్యూబే. వాతావరణం చూసి వరి కోతకి రోజు ఖాయం చేసేది కూడా బాపు ఈ ఫోన్‌లోనే.

ఇంట్లో పెద్దవాళ్లకి పాత ఫోన్ ఇస్తున్నారా? సిమ్ వేసి ఇచ్చేయకండి. పక్కన కూర్చుని బెడ్‌టైమ్ మోడ్ పెట్టి ఇవ్వండి. ముందు మీ డ్యాష్‌బోర్డ్ వాళ్లకి చూపించండి.