సైన్స్‌తో సైకాలజీ కలిపి చదవొచ్చా?

ప్రశ్న: ఇంటర్ బైపీసీ పూర్తిచేశాను. డిగ్రీలో జువాలజీ, కెమిస్ట్రీతో పాటు సైకాలజీ తీసుకోవాలని ఉంది. ‘అది ఆర్ట్స్ వాళ్ల సబ్జెక్టు, బైపీసీ చదివిందంతా దండగవుతుంది’ అని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఓ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: దండగ కానే కాదు. ఇంటర్‌లో మీరు బొమ్మలు గీసి నేర్చుకున్న నాడీకణం, అంతస్స్రావ గ్రంథులు సైకాలజీ పాఠాల్లో మళ్లీ ఎదురవుతాయి. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం గురించి నాన్నగారికి చెప్పండి. ఆయన ఒక కప్ప గుండెకు వెళ్లే వేగస్ నాడిని ప్రేరేపించాడు. గుండె నెమ్మదించింది. దాన్ని ఉంచిన ద్రవాన్ని తీసి రెండో కప్ప గుండెకు అందిస్తే అదీ నెమ్మదించింది. నాడి రసాయనం ద్వారా కబురు పంపుతుందని అలా తేలింది. కుంగుబాటుకు ఇచ్చే మందులు ఎలా పనిచేస్తాయో అర్థం చేసుకోవాలంటే ఈ రసాయనాల దగ్గరే మొదలుపెట్టాలి. మీరు కోరుకున్న మూడు సబ్జెక్టులూ కలిసేది ఇక్కడే.

1879లో జర్మనీలోని లీప్జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టినప్పటి నుంచీ సైకాలజీ కొలిచి చూసే శాస్త్రంగానే ఎదిగింది. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించి ఎన్ని తప్పులు వచ్చాయో లెక్కపెట్టడం, అర్థంలేని అక్షరాలను ఎంతసేపు గుర్తుంచుకోగలరో చూడటం వంటివి దీని ప్రాక్టికల్స్. రికార్డు రాసే అలవాటు మీకు ఇప్పటికే ఉంది కాబట్టి ఇబ్బంది ఉండదు.

జాగ్రత్త పడాల్సింది ఒక్క విషయంలో. ఈ కాంబినేషన్ అన్ని కాలేజీల్లోనూ ఉండదు. చాలాచోట్ల సైకాలజీ బీఏలోనే కనిపిస్తుంది. తెలంగాణ డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టేముందు కాలేజీకి వెళ్లి, సైకాలజీ ప్రధాన సబ్జెక్టుగా ఉందా, ఒకటి రెండు సెమిస్టర్ల ఎలెక్టివ్‌గా మాత్రమే ఉందా అని అడగండి. రేపు పీజీలో చేరాలంటే ఈ తేడాయే కీలకం కావచ్చు.

ప్రశ్న: నాది ఎంపీసీ. మ్యాథ్స్, కంప్యూటర్స్ ఇష్టం. మనుషుల ఆలోచనల గురించి చదవడం అంతకన్నా ఇష్టం. ఈ రెంటికీ పొంతన కుదురుతుందా?
- ఓ విద్యార్థి, గుంటూరు

జవాబు: చక్కగా కుదురుతుంది. 1860లో మనసును లెక్కలతో కొలవడానికి పుస్తకం రాసిన ఫెక్నర్ భౌతికశాస్త్రం బోధించినవాడే. ఆయనకు ఆధారమైన వెబర్ సూత్రాన్ని మీరే పరీక్షించొచ్చు. చేతిలో 100 గ్రాముల బరువున్నప్పుడు తేడా తెలియడానికి ఎంత కలపాలో, కిలో బరువున్నప్పుడు సుమారుగా దానికి పది రెట్లు కలపాలి.

సైకాలజీలో స్టాటిస్టిక్స్ తప్పనిసరిగా నేర్చుకోవాలి. చాలామంది తడబడేది అక్కడే, ఎంపీసీ వాళ్లకు కలిసొచ్చేదీ అక్కడే. కాబట్టి స్టాటిస్టిక్స్ లేదా కంప్యూటర్స్ మేజర్‌గా, సైకాలజీ మైనర్‌గా దొరికినా మీకు మంచిదే. ఆ తర్వాత ఆలోచనల తీరును శోధించే కాగ్నిటివ్ సైన్స్ వైపు వెళ్లొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాడీ, కాగ్నిటివ్ శాస్త్రాలకు ప్రత్యేక కేంద్రమే ఉంది. ఐఐటీ కాన్పూర్, గాంధీనగర్‌లలోనూ ఈ చదువు ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం. దాంతో పాటే దూరవిద్యలో బీఏ సైకాలజీ చేస్తానంటున్నాడు. రెండూ చెల్లుతాయా?
- ఓ తండ్రి, కరీంనగర్

జవాబు: ఏకకాలంలో రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022లో అనుమతిచ్చింది. అయితే సైకాలజీ సంగతి వేరు. ఆరోగ్య, అనుబంధ రంగాల కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ నిర్ణయించింది. ఆ జాబితాలో సైకాలజీ కూడా ఉంది. 2025 జులై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి ఇది అమల్లోకి వచ్చింది. ఎవరైనా సీటు ఉందని చెబితే ఫీజు కట్టకండి.

అబ్బాయిని నిరుత్సాహపరచకండి. బీఎస్సీ శ్రద్ధగా పూర్తిచేయనివ్వండి. కొన్ని విశ్వవిద్యాలయాలు ఇతర డిగ్రీల వారినీ సైకాలజీ పీజీలోకి తీసుకుంటాయి. తనకు నచ్చిన మూడు నాలుగు చోట్ల ప్రవేశ నోటిఫికేషన్లలో అర్హతలు ఇప్పుడే చదివిపెట్టుకోమనండి. ఈలోగా స్టాటిస్టిక్స్, మెదడు నిర్మాణం సొంతంగా చదువుకుంటే ఆ కష్టం పీజీలో అక్కరకొస్తుంది.

ప్రశ్న: క్లినికల్ సైకాలజిస్టు కావాలన్నది నా కోరిక. డిగ్రీ అవగానే కౌన్సెలింగ్ మొదలుపెట్టొచ్చా? చుట్టాలేమో ‘పిచ్చి డాక్టర్ చదువు నీకెందుకు?’ అంటున్నారు.
- ఓ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: డిగ్రీతోనే క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ఆ హోదాకు అర్హతలు నిర్దేశించింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన సంస్థలో శిక్షణ పొందాలి. ఇన్నాళ్లూ పీజీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ చేసేవారు. ఎంఫిల్ కోర్సులకు యూజీసీ స్వస్తి చెప్పినందున వాటి స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి. మీరు చేరే సంవత్సరం కౌన్సిల్ జాబితాలో ఆ కాలేజీ, ఆ కోర్సు రెండూ ఉన్నాయో లేదో చూసుకున్నాకే అడుగేయండి.

మందులు రాసేది ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన సైకియాట్రిస్టు. పరీక్షలతో సమస్యను అంచనా వేసి, మాటతో, అభ్యాసాలతో చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్టు. ఇద్దరూ కలిసి పనిచేసేటప్పుడు రోగి వాడే మందు శరీరంలో ఏం చేస్తుందో, థైరాయిడ్ లోపం కూడా దిగులులా ఎలా కనిపిస్తుందో తెలిసి ఉండాలి. అందుకే డిగ్రీలో జీవశాస్త్రం వదలకండి.

ఇక చుట్టాల మాట. పరీక్ష తప్పిన పిల్లవాడు, కాన్పు తర్వాత కారణం తెలియకుండా ఏడ్చే తల్లి, పక్షవాతంతో మాట పోయిన పెద్దాయన... వీళ్లంతా ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లలో చాలామంది సాయం అడగకుండా ఆగిపోయేది ఆ ‘పిచ్చి’ అనే మాటకు జడిసే. వాళ్లతో వాళ్ల యాసలో, మన తెలుగులో మాట్లాడగలిగే నిపుణులు మనకు చాలా కావాలి. మీరు చదవండి.