ఎయిర్‌డేల్ టెర్రియరు: స్వభావము, పోషణము

కడచిన వేసవిలో మా తరగతి విద్యార్థి యొకడు నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, మా నాయన ఎయిర్‌డేల్ కుక్కపిల్లను కొనెదనన్నాడు, మంచిదేనా?" యని యడిగెను. వారి నివాసము ఎల్బీ నగర్‌లో మూడవ అంతస్తు. తలిదండ్రు లిరువురును ఉద్యోగస్థులు. "కుక్క మంచిదే, కొంచె మాగు" మంటిని. ఆ మాటకు కారణము నిచట వివరించుచున్నాను.

టెర్రియరను పేరునకు నేల యను నర్థముగల లాటిను శబ్దము మూలము. బొరియలలో దూరి నక్కలను, ఎలుకలను పట్టు చిన్న కుక్కల కీపేరు కలిగెను. ఎయిర్‌డేలు మాత్రము బొరియలో పట్టదు. దాని యెత్తు 22 మొదలు 24 అంగుళములు, బరువు 20 కిలోలకు పైమాటే. 19వ శతాబ్ది మధ్యమున ఇంగ్లండులోని యార్క్‌షైరునందు, ఎయిర్ నదీలోయలోని శ్రామికులు టెర్రియరులను, నీటిపిల్లులను వేటాడు ఆటర్‌హౌండులతో కలిపి దీనిని పుట్టించిరి. అది చలిదేశము, తడినేల.

ఏటిగట్టున ఎలుక కనబడినప్పుడు యజమానుని యాజ్ఞకై కాచుకొన్న కుక్కకు ఎలుక దక్కదు. కావున తానే యోచించి, తానే నిశ్చయించుకొను గుణము దీని నెత్తురులో నున్నది. మనము మొండితన మనున దదియే. 1917లో రిచర్డ్‌సన్ అను సైనికాధికారి షూబరీనెస్‌లో నడిపిన పాఠశాలయందు, యుద్ధభూమిలో వార్తలు మోయుటకు శిక్షణ పొందిన కుక్కలలో ఎయిర్‌డేళ్లును ఉండెను. గుండ్లనడుమ ఒంటరిగా పోవుటకు వలసినదియు నా గుణమే గదా! ఇట్టిదానిని కొట్టి నేర్పరాదు. చిన్న పాఠము, వెంటనే మెప్పు, మరునాడు మరల నదే పాఠము: ఇంతకుమించిన రహస్యము లేదు. బెత్తముతో బోధించిన దినములు నాకును గలవు; వానివలన నెవరికిని లెక్కలు రాలేదు.

పని లేనిచో నిది చెప్పులు కొరుకును, కుండీలు త్రవ్వును, మొరుగును. దినమునకు గంటకు తక్కువ కాకుండ నడిపింపవలయును. మన యూరి చిక్కిచ్చటనే యున్నది. ఏప్రిలు, మే మాసములలో ఇచట ఎండ 40 డిగ్రీలు దాటును. కుక్క ప్రధానముగా నాలుక చాచి రొప్పుటచేతనే చల్లబడును; మనవలె ఒడలెల్ల చెమర్చదు. కావున తెల్లవారకముందు, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట మాత్రమే త్రిప్పవలయును. తారురోడ్డుపై మీ చేతివెనుకభాగము నానింపుడు. అయిదు సెకనులు తాళలేనిచో దాని పాదములును తాళవు. వీధికుక్కలు మీదికి వచ్చినచో నిది వెనుదీయు జాతి కాదు, త్రాడు విడువకుడు.

దాని బొచ్చు రెండు పొరలు. పైది తీగవలె బిరుసు. వేసవి యని చర్మమువరకు గొరిగించుట పొరపాటు. ఎండ నేరుగ చర్మమును తాకును. చచ్చిన వెండ్రుకలను చేతితో నెమ్మదిగా పెరికి, ప్రతివారము దువ్వవలయును. దువ్వునప్పుడే చెవులలోను, వ్రేళ్లసందులను గోమార్లు వెదకుడు. వానివలన ప్రాణాంతకమగు జ్వరము రాగలదు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్టు దానికి విషతుల్యములు. కావున మన కూరల మిగులు పెట్టరాదు. రేబిస్ టీకా తప్పరాదు.

ఇదంతయు విని యా బాలుడు, కుక్క రాకమున్నే నెలదినములు ఉదయము అయిదింటికి లేచి యొంటరిగా నడచెదనని పూనెను. పదునొకండవనాడు మానివేసితినని తానే వచ్చి చెప్పినాడు. జూనులో మరల మొదలుపెట్టెను. కుక్కపిల్ల యింకను రాలేదు.